బాబాయికి చెప్పలేను, ఆ పిల్లకి చెప్పలేను, ఎండీకి అసలే చెప్పలేను

నెల్లూరికి తూర్పున, సముద్రం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్ఆర్ చూసే చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కంపెనీ అన్నీ తీసేశా. ఉత్తరం చాలా పొడుగు, విషయం పోకుండా కుదించి చెప్తా.

వాళ్ల ప్లాంటులో క్యూసీ, అంటే సరుకు నాణ్యత చూసే ఇన్‌చార్జి ఒక అమ్మాయి. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివింది, చేరి ఏడాదిన్నర అయింది. ప్రొడక్షన్ ఇన్‌చార్జి యాభై దాటిన మనిషి, ప్లాంటుకి పునాది తీసినప్పట్నించీ ఆడనే ఉన్నాడు, చెయ్యి పెట్టి చూసి కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పగలడంట. పైగా మన చెల్లికి అమ్మ వాళ్ల ఊరాయన, చిన్నప్పట్నించీ బాబాయ్ అనే పిలుస్తుంది. రాత్రి పూట చెరువుల దగ్గర్నించి లోడు వస్తది, క్యూసీ అమ్మాయి థర్మామీటర్ పెట్టి చూస్తది, టెంపరేచర్ ఎక్కువుంటే ఈ సరుకు ఆపండి అని టబ్బు మీద హోల్డ్ స్లిప్పు అంటించి, ఫొటో తీసి ఎండీ కూడా ఉండే వాట్సాప్ గ్రూపులో పెడతది. ఒక రాత్రి అట్టా పెట్టేసరికి పెద్దాయన పక్కనే ఆఫీసు రూములో టీ తాగుతా ఉన్నాడంట. ఎండీ ఫోన్ చేసి "ఏంది ఆ లోడు" అంటేనే ఆయనకి తెలిసింది. లోపలికొచ్చి, రొయ్యల పొట్టు తీసే పీలింగ్ ఆడోళ్లందరి ముందర "నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాకు రొయ్య చూపిస్తదా" అన్నాడు. ఆ రోజు నించీ ఇద్దరికీ మాటల్లేవు. పక్క పక్కన నిలబడి హెల్పర్ పిల్లోడితో "మేడమ్‌కి చెప్పు", "సార్‌కి చెప్పు" అని నడుపుతున్నారు.

ఎండీ మన చెల్లిని ఆన్‌లైన్‌లో కాన్‌ఫ్లిక్ట్ కోచింగ్, అంటే తగాదాలో ఉన్న మనిషికి తోడుండి దారి వెతికించే కోర్సు చేయించాడు, శని ఆదివారాలు క్లాసులు. కోర్సు అయిపోయినాక ఇద్దర్నీ కాన్ఫరెన్స్ రూములో కూర్చోబెట్టి టీ బిస్కెట్లు పెట్టించి "ఒకరి మాట ఒకరు వినండి" అని మొదలుపెట్టింది. ఆయన పాత లోడ్ల సంగతి తీశాడు, ఆ అమ్మాయి ఫోన్ తీసి స్క్రీన్‌షాట్లు చూపించింది, ఆయన "రేపట్నించి నువ్వే నడుపుకో ప్లాంటు" అని లేచిపోయాడు. ఇప్పుడు ఆ అమ్మాయేమో హెచ్ఆర్ మేడమ్ ఆయన చుట్టం అనుకుంటంది, ఆయనేమో చదువుకున్నోళ్లిద్దరూ ఒకటయ్యారు అనుకుంటన్నాడు, ఒక పెళ్లిలో కనపడి వీళ్లమ్మతో "మీ పాప నన్ను కూర్చోబెట్టి విచారణ చేసింది" అని కూడా అన్నాడంట. ఎండీ రోజూ సాయంత్రం పిలిచి "ఆ పిల్ల ఏమంది, ఆయన ఏమన్నాడు" అని అడుగుతాడు, సోమవారానికి రిపోర్టు ఇమ్మన్నాడు, ఎవరో ఒకర్ని తీసేద్దాం అనే ఆలోచనలో ఉన్నట్టు ఉంది. "అక్కా, ఇవన్నీ ఫారిన్ వాళ్లకే పనిచేస్తాయా, నాకు చేతకాలేదా, సోమవారం నేను ఏం రాయాల" అని అడిగింది.

చెల్లీ, ఫస్ట్ ఆ కాన్ఫరెన్స్ రూమ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నువ్వు దాన్నే పట్టుకుని నాకు చేతకాదు అనుకుంటన్నావ్. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మధ్యలో నువ్వు ఉండటాన్ని మీడియేషన్ అంటారు. దానికి ఇద్దరూ ఇష్టపడి రావాల, రాకముందే ఇద్దరితో విడివిడిగా బోలెడంత మాట్లాడి ఉండాల. కోచింగ్ అట్టా కాదు, ఒక్కళ్లతో కూర్చోవడం. అసలు ఇది మొదలైందే ఆ ఇబ్బందిలోంచి. 1990ల్లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఉన్న టెంపుల్ యూనివర్సిటీలో, ఆస్ట్రేలియాలో మాక్వారీ యూనివర్సిటీలో ఇట్టాంటి పని మొదలుపెట్టారు. తగాదాలో ఒకళ్లు సాయం కావాలని వస్తారు, రెండోవాళ్లు రామంటారు, మరి వచ్చినోళ్లని ఉత్త చేతుల్తో పంపేయాలా అని, సరే వచ్చిన మనిషితోనే కూర్చుని వాళ్ల వైపు నించి ఏం చేయొచ్చో చూద్దాం అనుకున్నారు. కాబట్టి నువ్వు కోచింగ్ చేసి ఫెయిల్ అవ్వలేదు, ఇంకా మొదలే పెట్టలేదు.

ఫారిన్ వాళ్లకేనా అన్నావ్ చూడు, అందులో కొంచెం నిజం ఉంది, అది కూడా చెప్తా. మన దగ్గర ఇద్దరు కొట్లాడుకుంటే మూడో మనిషి దగ్గరికి ఎందుకు పోతారు? తీర్పు కోసం పోతారు. పెద్దమనిషి ఇద్దరి మాటా విని, ఒకర్ని రవ్వంత తిట్టి, ఇంకొకర్ని రవ్వంత తిట్టి, "సరే ఇంక కలిసి ఉండండి" అంటాడు, అయిపోతది. పెద్దాయన నీ గదిలోకి ఆ లెక్కనే వచ్చాడు, అదీ తను చిన్నప్పుడు ఎత్తుకున్న పిల్ల పెద్దమనిషి కుర్చీలో కూర్చుంటే, ఎదురుగా ఇంకో చిన్న పిల్ల సాక్ష్యాలు తీస్తా ఉంటే. విచారణ చేసింది అని మీ అమ్మతో ఊరికే అన్లేదు ఆయన, ఆయనకి నిజంగా అట్టానే అనిపించింది. పంచాయితీ చెడ్డదని నేను అనను, కొన్నిటికి తీర్పే కావాల. కానీ నువ్వు తీర్పూ చెప్పలేదు, విడివిడిగా విననూ లేదు. రెంటికీ చెడింది ఆ మీటింగ్.

ఇప్పుడు అసలు గొడవలోకి వస్తా. నీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివితే నాకు ఇందులో మూడు వేరే వేరే విషయాలు కనిపిస్తన్నాయి, మీరంతా కలిపి ఒకే ముద్ద చేశారు.

మొదటిది, సరుకు హోల్డ్ చేయాలా వద్దా. దీనికి కోచింగ్‌తో సంబంధమే లేదు. ఐసులో నాలుగు డిగ్రీల దరిదాపుల్లో రావాల్సిన రొయ్య ఎనిమిదో తొమ్మిదో చూపిస్తే హోల్డే, అది మీ హ్యాసప్ ప్లాన్‌లో, అంటే సరుకు ఎక్కడెక్కడ చెడొచ్చో, ఎట్టా ఆపాలో రాసుకునే కాగితంలో రాసుంటది, ఎవరు సంతకం పెట్టాలో కూడా రాసుంటది. రొయ్యలో యాంటీబయాటిక్ మందు మిగిలుందా అని చూసే రిపోర్టు విషయం అయితే ఇంక మాట్లాడేదే లేదు, ఒక కంటైనర్ వెనక్కొస్తే అందరి జీతాలూ అందులోనే పోతాయి. నువ్వు నేర్చుకున్నదాంట్లో కలిసి పనిచేయడం, సర్దుకుపోవడం అనే మాటలు బాగా వస్తాయి కదా, ఆ మాటలు పట్టుకుని ఆ అమ్మాయిని "టెంపరేచర్ దగ్గర కొంచెం చూసీ చూడనట్టు పో" అనే వైపుకి నెట్టకు. పొరపాటున కూడా. హోల్డ్ పెట్టే అధికారం, తీసే అధికారం ఎవరిది అనేది ఎండీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇద్దరికీ ఇవ్వాల. ఇది తీర్పు చెప్పాల్సిన చోటు, చెప్పాల్సింది ఎండీ, నువ్వు కాదు.

రెండోది, హోల్డ్ పెట్టినప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడతంది. దీని గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు, నాకు ఆశ్చర్యంగా ఉంది. రాత్రి రెండింటికి లోడు ఆగిపోతే పీలింగ్ ఆడోళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. మీ దగ్గర వాళ్లకి కిలో లెక్క ఇస్తారా రోజు కూలా? కిలో లెక్క అయితే వాళ్లకి ఆ రాత్రి కూలి పోయినట్టే, పొద్దున కాంట్రాక్టర్ వచ్చి అరిచేది ఎవరి మీద? ప్రొడక్షన్ మీద. రోజు కూలి అయితే ఖాళీగా కూర్చున్న గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? మళ్లీ ప్రొడక్షనే. నెలాఖరు మీటింగ్‌లో కిలోకి లేబర్ ఖర్చు ఎందుకు పెరిగింది అని ఆయన్నే నిలబెడతారు. 2025 ఆగస్టులో అమెరికా వాడు సుంకం 50 శాతానికి తీసకపోయినప్పుడు మన జిల్లాలో చెరువు కాడ రైతు నించి ప్లాంటులో ఐసు కొట్టేవాడి దాకా ఎట్టా వణికారో నీకు నేను చెప్పక్కర్లేదు, అప్పట్నించీ ప్రతి రూపాయి లెక్క చూస్తన్నారు. ఆ అమ్మాయి స్లిప్పు అంటించినప్పుడల్లా ఆయనకి కనపడేది ఆ మీటింగ్. ఆమెకేమో కనపడేది వెనక్కొచ్చిన కంటైనర్, కింద తన సంతకం. ఇద్దరికీ ఉన్నది భయమే, వేరే వేరే కాగితాల మీద. ఇది మనుషుల తగాదా కాదు తల్లీ, కంపెనీ లెక్కలు రాసుకునే పద్ధతిలో ఉన్న తగాదా, మనుషుల మొహాల మీద కనిపిస్తంది అంతే. ఇద్దర్నీ తీసేసి రేపు ఇంకో ఇద్దర్ని పెట్టు, రొట్టెల పండగ వారంలో లేబర్ తక్కువున్నప్పుడు ఒక లోడు ఆగనీ, వాళ్లూ కొట్లాడుకుంటారు. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో కూడా స్లాబు రిజెక్ట్ అయితే కటింగ్ వాళ్లు పాలిషింగ్ వాళ్లు ఒకరి మీద ఒకరు పడేది ఇందుకే.

మూడోది, పరువు. ఇక్కడే నీ కోచింగ్‌కి పని ఉంది. నువ్వు ఊరికే రాసేశావ్ గానీ ఉత్తరం మొత్తానికి ఆయువుపట్టు ఆ టీ గ్లాసు లైను. ఆయన పక్క రూములోనే ఉన్నాడు, పది అడుగులు. ఆ అమ్మాయి పోయి చెప్పలేదు, గ్రూపులో పెట్టింది. తన ప్లాంటులో ఆగిన లోడు సంగతి తనకి ఊళ్లో పడుకున్న ఎండీ ఫోన్ చేసి చెప్పాడు. ఆయనకి తగిలింది అది, హోల్డ్ కాదు. సరే, ఆ అమ్మాయి ఎందుకు పోయి చెప్పలేదు? అది మనకి తెలీదు, నువ్వు అడగలేదు. అంతకుముందు ఎప్పుడో పోయి చెప్తే ఆయన "ఆ ఏం కాదులే, కానీయండి" అని పంపేశాడేమో. నోటితో చెప్తే నిలబడదు, ఫొటో పెడితే ఎవరూ కాదనలేరు అని నేర్చుకుందేమో. ఏడాదిన్నరలో ఒక మనిషి ఊరికే స్క్రీన్‌షాట్లు దాచుకోవడం మొదలుపెట్టదు.

ఇప్పుడు ఆ అమ్మాయితో కూర్చుంటే ఎట్టా మాట్లాడాల అనేది చెప్తా, ఇది కాస్త వివరంగా చెప్పాల.

నీ క్యాబిన్‌లో వద్దు, అద్దాల్లోంచి అందరికీ కనపడతది, సాయంత్రానికి బస్సులో ఊళ్లకి పోయే ఆడోళ్లందరికీ కథ తెలిసిపోతది. షిఫ్టు అయిపోయినాక కూడా వద్దు, నిద్ర మొహంతో ఏం మాట్లాడతది. ఆమెకి వీలైన టైం ఆమెనే చెప్పమను. కూర్చోగానే రెండు సంగతులు చెప్పెయ్. ఒకటి, "నువ్వు చెప్పింది ఎండీకి పోదు. కానీ సరుకు సేఫ్టీలో ఎవరన్నా దొంగలెక్క రాశారనో, నిన్ను ఎవరన్నా ఆడపిల్లవని తప్పుగా మాట్లాడారనో చెప్తే మాత్రం అది నా దగ్గర ఆగదు, ముందే చెప్తన్నా." రెండు, "ఆయన్ని నేను బాబాయ్ అంటా, మా అమ్మ వాళ్ల ఊరు. నీకు ఇబ్బందైతే ఇప్పుడే చెప్పు, వేరేవాళ్లని చూద్దాం." ఈ రెండోది చెప్పడానికి నీకు నోరు రాదు, నాకు తెలుసు, కానీ ఆమె మనసులో ఎట్టాగూ ఉంది కదా అది, నువ్వు చెప్తే కనీసం బల్ల మీదకి వస్తది.

తర్వాత అడగడం. "ఎందుకు అట్టా చేశావ్" అని అడగబాక, ఆ ఎందుకు వినపడగానే మనిషి సంజాయిషీ చెప్పుకోవడంలోకి పోతాడు. "ఆ రాత్రి లోడు వచ్చిన కాడ్నించి వరసగా చెప్పమ్మా" అను. మధ్యలో ఆపకు. "ఆయన ఆ మాట అన్నప్పుడు చుట్టూ ఎవరున్నారు? నీకు ఎక్కువ బాధ అనిపించింది ఆ మాటా, వాళ్ల ముందర అనడమా?" ఈ ప్రశ్నకి చాలామంది కాసేపు ఆగిపోతారు. నువ్వు కూడా ఆగు. మనకి నిశ్శబ్దం అంటే భయం, వెంటనే ఏదో ఒకటి నింపేస్తాం, "పోనీలేమ్మా పెద్దాయన కదా" అంటాం. అది అన్నావంటే ఆ పిల్ల ఇంక నోరు తెరవదు.

బాగా చెప్పుకున్నాక, కోపం కొంచెం దిగినాక, అప్పుడు మాత్రమే, "ఆ టైంలో ఆయన ఏం పోతుందని భయపడి ఉంటాడు?" అని అడుగు. ముందే అడిగితే నువ్వు బాబాయ్ పార్టీ అయిపోతావ్. తెలీదు అంటే వదిలెయ్, ఇంటికి పోయినాక ఆలోచిస్తది. చివర్లో "ఇందులో నీ చేతిలో ఉన్నది ఏంది, లేనిది ఏంది" అని అడిగి, "వచ్చే లోడుకి ఒక్కటి మార్చి చూడాలంటే ఏం మారుస్తావ్" అని అడుగు. సలహా నీ నోట్లోంచి రాకూడదు, ఇది కష్టం, నీ నాలుక దురద పెడతది. ఆమె ఏమన్నా సరే, "ఫొటో పెట్టే ముందు పోయి చెప్తా" అన్నా, "పోయి చెప్పను గానీ ఫోన్ చేస్తా" అన్నా, ఆమెది ఆమెకే నిలుస్తది.

అప్పుడు రిహార్సల్ చేయించు, నవ్వుకున్నా పర్లేదు. నువ్వు బాబాయిలా కూర్చో, టీ గ్లాసు పట్టుకో. ఆమెని తలుపు కాడ్నించి వచ్చి చెప్పమను. "సార్, లోడు ఎనిమిది డిగ్రీలు ఉంది, హోల్డ్ పెడతన్నా. గ్రూపులో పెట్టే ముందు మీకు చెప్దామని వచ్చా. పీలింగ్ వాళ్లకి ఈలోపల ఏ సరుకు ఇద్దాం?" నువ్వు బాబాయ్ గొంతుతో "నీకు తెలుసా రొయ్య గురించి" అని రెచ్చగొట్టు. ఆమె ఏం చేస్తదో చూడు. ఒకటికి రెండు సార్లు చెప్పించు, నోటికి అలవాటు అయ్యేదాకా. ఆ చివరి ప్రశ్న ఆమెనే కనిపెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే అందులో ఆయన కౌంటు చూసిన అనుభవానికి చోటు ఉంది, హోల్డ్ మాత్రం ఇంచు కదల్లేదు.

పెద్దాయన సంగతి వేరు. ఆయన్ని నువ్వు కోచింగ్ చేయడానికి కూర్చోబెట్టబాక, ఇంకోసారి విచారణ అంటాడు. పైగా నువ్వు ఆయనకి కూతురు వరస, ఆయన నీ ముందర "నాకు అవమానంగా అనిపించింది" అనే మాట చచ్చినా అనడు. ఆయనతో రౌండ్‌కి పో. నడస్తా ఉంటే మనిషి మాట్లాడతాడు. "బాబాయ్, ఆ రోజు మీకు ముందు ఎవరు చెప్పారు?" అను, అంతే. ఆయనే చెప్పుకుంటాడు. విని ఊరుకో. ఆ పీలింగ్ ఆడోళ్ల ముందర అన్న మాట గురించి అడగాలంటే "ఆ పిల్ల రేపట్నించి వాళ్లకి ఏదన్నా చెప్తే వింటారంటారా" అని అడిగి వదిలెయ్. చుట్టరికం వల్ల అది కూడా ఇబ్బంది అనుకుంటే ఎండీని అడిగి కంపెనీలోనే వేరే యూనిట్‌లో ఆయన వయసు మేనేజర్ ఎవరన్నా ఉంటే ఆయనతో మాట్లాడించు, అది తప్పించుకోవడం ఏం కాదు.

నీ కోర్సులో థామస్, కిల్‌మన్ అని ఇద్దరు 1974లో తయారుచేసిన ప్రశ్నల పేపర్ ఇచ్చి ఉంటారు, పోటీపడటం, తప్పుకోవడం, సర్దుకోవడం, చెరి సగం చేసుకోవడం, కలిసి తేల్చుకోవడం అని ఐదు రకాలు. అది నీ కోసం వాడుకో, వాళ్లిద్దరికీ పెట్టి "మీరు పోటీ టైపు, నువ్వు తప్పుకునే టైపు" అని చీటీలు అంటించకు, ఉన్న స్లిప్పులు చాలు. ఒకే మనిషి ఇంట్లో సర్దుకుంటాడు, ప్లాంటులో అరుస్తాడు.

ఇంకొకటి నువ్వు బ్రాకెట్లో పెట్టి తేలిగ్గా దాటేశావ్, ఆయన ఇంకోసారి "రాత్రి షిఫ్టులు ఆడపిల్లకెందుకు" అన్నాడని. అది పాతకాలం మాటో, అంతకంటే ఎక్కువో నువ్వు ఆ అమ్మాయిని విడిగా అడిగి తెలుసుకోవాల. అంతకంటే ఎక్కువైతే కోచింగ్ ఆడితోనే ఆపెయ్. పది మంది గానీ అంతకు పైన గానీ పనిచేసే ప్రతి చోటా, పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల గురించిన 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ ఉండాల, అట్టాంటి ఫిర్యాదు జరిగిన మూడు నెలల్లోపల ఆ కమిటీకే పోవాల. రాజీ మాటలతో నువ్వు దాన్ని చల్లబరిస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టు అవుతది.

ఇంక నీ ముందర ఉన్న దార్లు. ఒకటి, నువ్వు ఆ అమ్మాయికి మాత్రం కోచ్‌గా ఉండి, వాళ్లిద్దరి మీద మెమో ఇచ్చేది, ఇంక్రిమెంట్ రాసేది వేరేవాళ్లకి అప్పజెప్పడం. రెండు పనులూ ఒకే చేతిలో ఉంటే ఎవరూ నిజం చెప్పరు. ఇందులో కష్టం ఏంటంటే చిన్న కంపెనీలో ఆ వేరేవాళ్లు ఎవరు? మీ ఎండీ ఒప్పుకోకపోవచ్చు. రెండు, నువ్వు హెచ్ఆర్‌గానే ఉండి బయట్నించి ఎవర్నన్నా పిలిపించడం. శుభ్రంగా ఉంటది, కానీ డబ్బు అవుతది, బయటోళ్లకి రాత్రి రెండింటి లోడు అంటే ఏందో తెలీదు, పెద్దాయన వాళ్ల ముందర అసలు మాట్లాడడు. మూడు, మనుషుల్ని కదపకుండా పద్ధతి మార్చడం. హోల్డ్ అయితే ముందు ఫోను, తర్వాత గ్రూపు, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ నిలబడి మాట్లాడుకునే పది నిమిషాలు, ఖాళీ గంటల ఖర్చు ప్రొడక్షన్ ఖాతాలోంచి తీసి వేరే లైనులో రాయడం. దీనివల్ల ఇద్దరికీ ప్రేమ పుట్టదు, గొడవకి మేత తగ్గుతది. నాలుగు, ఎండీ అనుకుంటన్నట్టు ఒకర్ని తీసేయడం. ఆయన్ని తీసేస్తే ఆ చెయ్యి పోతది, సగం పీలింగ్ ఆడోళ్లు ఆయన మొహం చూసి వచ్చినోళ్లే. ఆ పిల్లని తీసేస్తే ఆ తర్వాత వచ్చే క్యూసీ మొదటి రోజే నేర్చుకుంటాడు, ఈడ హోల్డ్ పెడితే ఉద్యోగం పోతది అని. అది కంపెనీకి అన్నిటికన్నా ఖరీదైన పాఠం.

నన్ను అడిగితే మూడోది ముందు, దాంతో పాటు మొదటిది రవ్వంత. కానీ ఎండీ మనస్తత్వం నీకు తెలిసినంత నాకు తెలీదు, ఆయన పద్ధతులు మార్చే మనిషి కాకపోతే మొదటి దాంతోనే నెట్టుకురావాల్సి ఉంటది, అప్పుడు ఫలితం సగమే వస్తది, ఆ సగానికి నువ్వు సిద్ధపడాల.

నేర్చుకోవడం గురించి కూడా ఒక మాట. కోర్సు సర్టిఫికెట్ రాగానే ప్లాంటులో అన్నిటికన్నా పెద్ద గొడవ మీద చెయ్యి పెట్టావ్, అది నీ తప్పు అనను, ఎండీ నెట్టాడు. చిన్నవాటి మీద చెయ్యి తిప్పుకో. బస్సులో సీటు గొడవ, క్యాంటీన్‌లో కూర తక్కువ వేశారన్న గొడవ, గ్లౌజులు ఎవరు తీశారన్న గొడవ, ఇవి రోజూ ఉంటాయి కదా. వచ్చినోళ్లని తీర్పు చెప్పకుండా విని, "నువ్వేం చేద్దాం అనుకుంటన్నావ్" అని అడిగి చూడు. సగం మంది నిన్ను విచిత్రంగా చూస్తారు, "మీరే చెప్పండి మేడమ్" అంటారు. పర్లేదు. నీతో కోర్సు చేసిన వాళ్లలో ఒకళ్లని పట్టుకుని పేర్లు లేకుండా ఒకరికొకరు చెప్పుకోండి, నువ్వు ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చేశావో వాళ్లకి వెంటనే కనపడతది. కోచింగ్‌లో విన్న మాటలు ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం రాసిపెట్టబాక.

మీ అమ్మ సంగతి. "ఆఫీసు విషయం అమ్మా, బాబాయ్ మళ్లీ అడిగితే నాతోనే మాట్లాడమను" అని చెప్పి ఆపెయ్. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా వచ్చే పెళ్లికి అది ఊరంతా తిరుగుతది.

సోమవారం రిపోర్టు అరపేజీ దాటనీయకు. ఇట్టా రాయి, మాటలు నువ్వు మార్చుకో: "ఇద్దరితో విడివిడిగా మాట్లాడుతున్నాను, వాళ్లు నాతో చెప్పిన మాటలు రిపోర్టులో రాయడం లేదు, రాస్తే ఇకముందు నాతో ఎవరూ మాట్లాడరు. హోల్డ్ పెట్టే, తీసే అధికారం ఎవరిదో మీరు రాతపూర్వకంగా ఇద్దరికీ ఇవ్వాలి. హోల్డ్ సమాచారం ముందు ప్రొడక్షన్‌కి ఫోన్‌లో, తర్వాత గ్రూపులో అనే పద్ధతి ఒక నెల పెట్టి చూడటానికి అనుమతి ఇవ్వండి. హోల్డ్ టైంలో లేబర్ ఖర్చు ఏ ఖాతాలో రాయాలో మీరు, అకౌంట్స్ వాళ్లు తేల్చాలి."

ఆయన చదివి "ఇంతేనా, ఆ పిల్ల ఏమందో చెప్పు" అంటాడు. "సార్, అది చెప్తే మీరు నన్ను పంపిన కోర్సు వేస్ట్ అయిపోతది" అని నవ్వతా చెప్పు, ఫీజు కట్టిందాయనే కాబట్టి ఆ మాట ఎక్కుతది. హోల్డ్ రిజిస్టర్ తీసుకుని కూడా పో, ఏ టైంలో, ఏ రూటు లోడ్లు ఎక్కువ ఆగినాయో చూసుకుని. అవన్నీ ఒకే ఏజెంటు బండ్లో, ఐసు తక్కువ వేసే ఒకే చెరువు వైపువో అయితే ఈ గొడవలో సగం ప్లాంటులోదే కాదు. ఆ లేబర్ ఖర్చు సంగతి మీద ఎండీ ఏమన్నాడో మళ్లీ రాయి, దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.